ఫైళ్లకు విశ్రాంతి

పేరూరి భాస్కరానికి కంప్యూటర్ల గురించి తెలిసినవి రెండే రెండు విషయాలు. ఒకటి, మీట నొక్కితే వెలుగుతాయి. రెండు, వెలక్కపోతే ఇంకోసారి నొక్కాలి. ఈ రెండింటినీ నమ్ముకునే ఆయన పద్నాలుగేళ్లుగా ఆఫీసులో సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా నెట్టుకొస్తున్నాడు. ఆ పదవి ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు. ఎప్పుడో ప్రింటర్లో కాగితం ఇరుక్కుపోయి, అందరూ చుట్టూ చేరి చోద్యం చూస్తుంటే, ఈయన వేలు పెట్టి లాగాడు. కాగితం ఊడొచ్చింది, దాని వెంటే పదవీ వచ్చింది. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని తన గురించి తానే చెప్పుకుని నవ్వుకునేవాడు భాస్కరం. అయితే ఆ నవ్వు ఇంటిదగ్గరే. ఆఫీసుకొచ్చాక ఆముదం చెట్టు కూడా మహావృక్షంలాగే తల పంకించేది.

ఆ ఆఫీసు పేరు జిల్లా చేనేత నమూనాల పరిరక్షణ కార్యాలయం. నేతగాళ్ల ఇళ్లల్లో ట్రంకుపెట్టెల అడుగున పాత గ్రాఫులుంటాయి. చీర అంచులూ కొంగులూ ఎలా రావాలో గళ్ల కాగితం మీద చుక్కలు చుక్కలుగా వేసుకున్న బొమ్మలవి. వాటిని ఎలుకలు కొట్టకుండా, చెదలు పట్టకుండా ఈ ఆఫీసు ఊరూరా తిరిగి సేకరించి, ఫొటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కించింది. అసలు కాగితాల్ని శాస్త్రీయ నిల్వ కోసమని రాజధానికి పంపేశారు. అక్కడ అవి ఏ గోడౌన్లో ఉన్నాయో ఆ శాస్త్రానికే తెలియాలి. ఫొటోలు మాత్రం ఆఫీసు వెనక గదిలో ఒక పెద్ద పెట్టెలో ఉంటాయి. దాని పక్కనే పదహారు కన్నాలున్న చిన్న పెట్టె. పెద్ద పెట్టె తీగా, పదకొండు కంప్యూటర్ల తీగలూ ఆ కన్నాల్లోకే వచ్చి దూరతాయి. అందుచేత ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చునే పెద్ద పెట్టెలోని ఏ గ్రాఫునైనా తెరిచి చూసుకోవచ్చు.

ఆ ఏడు దసరాకి ఆఫీసులో ఆయుధపూజ ఘనంగా జరిగింది. చీపురుకట్ట దగ్గర్నుంచి జీపు దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టారు. సిస్టమ్స్ పూజ భాస్కరం స్వహస్తాలతో చేశాడు. సెలవులైపోయి ఆఫీసు తెరిచిన రోజునుంచే తిప్పలు మొదలయ్యాయి. గ్రాఫు తెరిస్తే సగం దాకా వచ్చి ఆగిపోయేది, కింద ఎర్రక్షరాల్లో 'ఫైలు చదువుటలో లోపం కలిగినది' అని పడేది. ఒక్కోసారి రెండోసారికి మొత్తం వచ్చేది, ఒక్కోసారి పదోసారికీ వచ్చేది కాదు. భాస్కరం తనకు తెలిసిన మొదటి వైద్యమూ చేశాడు, రెండో వైద్యమూ చేశాడు. మూడోది లేదు కాబట్టి మళ్లీ మొదటిది చేశాడు.

ఇంతలో ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి ఆఫీసు చూడ్డానికొచ్చాడు. డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, జిల్లాకే తలమానికమైన నెమలి కొంగు తెరిచి చూపించారు. నెమలికి తల వచ్చింది, మెడ వచ్చింది, అసలు చూడవలసిన పురి దగ్గరకొచ్చేసరికి తెర బూడిద రంగులోకి తిరిగి ఎర్రక్షరాలు పడ్డాయి. ఇది కోడి కాబోలని ఢిల్లీ ఆయన మర్యాదగా మెచ్చుకుని వెళ్లిపోయాడు.

పరాంకుశం గారు మాట్లాడితే కాగితం మీద రాసింది చదివినట్టుంటుంది. ఇంట్లో మంచినీళ్లు అడిగినా విషయము, సూచిక ఉంటాయని అటెండరు యాకోబు అనేవాడు. ఆయన భాస్కరాన్ని పిలిపించి, "ఈ పరిణామానికి దారితీసిన పరిస్థితులను సవివరంగా తెలియజేయండి" అన్నారు.

భాస్కరానికి పరిస్థితులూ తెలియవు, వివరాలూ తెలియవు. తెలియదని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ పద్నాలుగేళ్ల మహావృక్షం ఒక్కసారిగా ఆముదం చెట్టునని ఒప్పుకోవాలంటే నోరు రావద్దూ? భోజనాల వేళ దాకా గట్టెక్కితే చాలనుకుని, నోటికొచ్చింది అనేశాడు.

"పదకొండు మందీ పొద్దస్తమానం అవే ఫైళ్లు తెరుస్తున్నారు కదండీ. చదివీ చదివీ అవి అలిసిపోతున్నాయండి."

అని, తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాడు. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే పరాంకుశం గారి ముఖం వికసించి ఉంది. సిబ్బంది ఫైళ్లను అవసరానికి మించి తెరుస్తున్నారని ఆయనకు ఎప్పట్నుంచో అనుమానం. ఇప్పుడు దానికి సాంకేతిక ఆధారం దొరికింది.

భోజనాలు కాకముందే సర్క్యులర్ వచ్చేసింది. "విషయము: ఉమ్మడి ఫైళ్ల పఠన అలసట, నివారణ చర్యలు. ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమైనది ఏమనగా, ఏ ఫైలునైననూ దినమునకు రెండు పర్యాయములకు మించి తెరవరాదు. తెరచిన ప్రతి పర్యాయమూ పఠన రిజిస్టరునందు నమోదు కావలెను. శుక్రవారము సమస్త ఫైళ్లకూ విశ్రాంతి దినము." కింద, ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చిన శ్రీ పి. భాస్కరం గారి సేవలు ప్రశంసనీయమని కూడా ఉంది. ఆ కాగితాన్ని భాస్కరం మూడుసార్లు చదువుకున్నాడు. మొదటిసారి భయమేసింది, రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి, చెప్పడానికి సిగ్గు గానీ, కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆ మర్నాడే బిట్రా సుభద్రమ్మ వచ్చింది.

ఆమెకు అరవై దాటాయి. ఆఫీసుకు పన్నెండు మైళ్ల దూరంలోని ఊళ్లో మగ్గం నేస్తుంది. రెండేళ్ల కిందట ఆమె తండ్రి వేసిన తామరతూళ్ల అంచు గ్రాఫును ఆమె చేతుల్లోంచి తీసుకున్నది భాస్కరమే. ఇవ్వడానికి ఆమె తటపటాయిస్తే, మీకెప్పుడు కావాలంటే అప్పుడు నిమిషంలో తీసిస్తామమ్మా అని మాటిచ్చి, రసీదు రాసిచ్చిందీ ఆయనే. ఇప్పుడు ఆ నిమిషం వచ్చింది. మొన్నటి వానకి ఇల్లు కురిసి, మగ్గం మీదున్న జకార్డు అట్టలు నానిపోయాయి. బొమ్మ ప్రకారం కన్నాలు కొట్టిన ఆ అట్టలు ఉంటేనే మగ్గం అంచు నేస్తుంది. కొత్త అట్టలు కొట్టించాలంటే గ్రాఫు కావాలి. మగ్గం మీద పెళ్లిచీర సగంలో ఆగి ఉంది. కార్తీకమాసం చివర్లో పెళ్లి. ఆ చీర దిగితే గానీ ఇంకో పడుగు ఎక్కదు, మగ్గం ఆగితే ఆ ఇల్లు ఆగినట్టే.

భాస్కరం ఉత్సాహంగా ఆమె ఫైలు తెరవబోయి, ముందు రిజిస్టరు తెరిచాడు. ఆ ఫైలుకు ఆ రోజు రెండు పర్యాయాలూ కేటాయింపు అయిపోయాయి. ఉదయం ఒకసారి, ఫైలు ఆరోగ్యంగా ఉందో లేదో పరీక్షించడానికి. సాయంత్రం ఒకసారి, ఉదయం పరీక్షవల్ల అలిసిపోయిందో లేదో పరీక్షించడానికి. ప్రతి ఫైలుకూ అంతే. మర్నాడు శుక్రవారం. ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, మీ కాగితం అలిసిపోయిందమ్మా అని నసిగి, పై వారం రమ్మన్నాడు. కాగితం అలిసిపోవడమేమిటని ఆమె అడగలేదు. పెద్ద ఆఫీసుల్లో ఏవైనా అలిసిపోతాయి కాబోలనుకుని బస్సెక్కేసింది.

సర్క్యులర్ పనిచేసింది. రోజుకు నలభైసార్లు పడే ఎర్రక్షరాలు పన్నెండుసార్లకు తగ్గాయి. నాలుగు వందలసార్లు తెరిచే ఫైళ్లను నూట ఇరవైసార్లే తెరిస్తే తగ్గక ఏం చేస్తాయి? ఈ లెక్క యాకోబుకు కూడా తట్టింది గానీ, అటెండరు లెక్కలు ఫైలెక్కవు. పరాంకుశం గారు మాత్రం తగ్గుదలను రంగురంగుల పటంగా గీయించి గోడకు తగిలించారు. ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. రెండో సర్క్యులర్‌తో పఠన అర్హత కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు పరాంకుశం గారు, సాంకేతిక సభ్యుడు భాస్కరం. ఫైలు చదవాలనుకున్నవాళ్లు, చదవకుండా ఎందుకు ఉండలేకపోతున్నారో కమిటీ ముందు హాజరై విన్నవించుకోవాలి. మూడో సర్క్యులర్ ప్రకారం సిబ్బంది నెలవారీ తనిఖీలో ఫైలు తెరవకుండానే, చూచినట్లు ధ్రువీకరించవచ్చు. ఈ ఒక్క ఆదేశాన్ని మాత్రం అందరూ తు.చ. తప్పకుండా పాటించారు.

సుభద్రమ్మ రెండోసారి వచ్చేసరికి కమిటీ సమావేశంలో ఉంది. ఆమె దరఖాస్తును పరాంకుశం గారు అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో లోపముందన్నారు. ఏ గ్రాఫు కావాలో స్పష్టపడడానికి ఆ గ్రాఫు ప్రతిని దరఖాస్తుకు జతపరచవలసి ఉంటుందని వివరించారు.

"అదే ఉంటే నేనెందుకొస్తానండీ?" అంది సుభద్రమ్మ.

"మీ ఆవేదన నమోదైంది," అన్నారు పరాంకుశం గారు.

భాస్కరం సాంకేతిక సభ్యుడి కుర్చీలో కూర్చుని బల్ల మీది గీతలు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాడు. అప్పటికైనా నోరు విప్పి, అయ్యా, అలసటా లేదు గిలసటా లేదు, ఆ రోజు నాకేం తెలియక అన్నాను అని ఉండవచ్చు. కానీ అప్పటికే రాజధాని నుంచి ఫైళ్ల అలసట మీద ఆరు పేజీల నివేదిక కావాలని ఉత్తరం వచ్చింది, ఈయన ఎనిమిది పేజీలు రాసిచ్చాడు కూడా. రాస్తున్నకొద్దీ తనకే నిజమేమో అనిపించిందట. పెద్ద ఫైళ్లు త్వరగా అలుస్తాయనీ, రంగుల ఫైళ్లకు విశ్రాంతి ఎక్కువ కావాలనీ, వేసవిలో జాగ్రత్త అవసరమనీ రాశాడు. తన మూర్ఖత్వానికి ఇంత చక్కని దస్తూరీ ఉందని ఆయనకు అంతకుముందు తెలియదు.

నాలుగో సర్క్యులర్‌తో సంపూర్ణ విశ్రాంతి అమల్లోకి వచ్చింది. ఏ ఫైలునూ ఎవరూ తెరవరాదు. ఆ రోజునుంచి పఠన రిజిస్టరులో సున్నా, ఎర్రక్షరాలూ సున్నా. రాష్ట్రంలో పఠన లోపరహితమైన ఏకైక జిల్లా ఇదేనని రాజధాని నుంచి అభినందనలొచ్చాయి. మిగతా జిల్లాల అధికారులు బస్సు కట్టించుకుని అధ్యయనానికి వచ్చారు. వాళ్లకు టిఫిన్లయ్యాక భాస్కరం వెనక గది తలుపు తెరిచి, విశ్రమిస్తున్న పెట్టెల్ని చూపించేవాడు. దసరానాటి గంధపు బొట్లతో, వడిలిన బంతిపూల దండతో అవి నిశ్చింతగా గుర్రుమంటూ ఉండేవి. అధికారులు చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా ఫొటోలు తీసుకుని వెళ్లేవారు.

సుభద్రమ్మ మూడోసారి వచ్చింది. పెళ్లికి పదిహేను రోజులే ఉంది. అట్టలు కొట్టడానికి నాలుగు రోజులు, నేయడానికి పది రోజులు కావాలి. పరాంకుశం గారు క్యాంపులో ఉన్నారు. ఆమె ఈసారి గ్రాఫు అడగలేదు. రసీదు మడత విప్పి భాస్కరం బల్ల మీద పెట్టి, "మా నాన్న కాయితం ఏ పెట్టెలో ఉందో ఒక్కసారి చూపించు బాబూ. చూసి వెళ్లిపోతాను" అంది.

ఆ అడగడం భాస్కరానికి తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది. లేచి, ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లాడు. యాకోబు లైటు వేశాడు. సుభద్రమ్మ పెద్ద పెట్టెకేసి చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుంది. తర్వాత పక్కనున్న చిన్న పెట్టె దగ్గర వంగి, చాలాసేపు చూసింది.

"ఈ బొట్లు ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా, దసరాకి," అన్నాడు భాస్కరం. అందులో కాస్త గొప్ప కూడా ఉంది. పైపైన పెడితే పుణ్యం పైపైనే ఉంటుందని, ఒక్కో తీగనూ ఊడబీకి, పదహారు కన్నాల్లోనూ వేలితో గంధం మెత్తి, కుంకుమ అద్ది, మళ్లీ తీగలు దోపాడు ఆయన. గంటన్నర పట్టింది.

"మేమూ మగ్గానికి పూజ చేస్తాం బాబూ. కర్రకే బొట్టు పెడతాం. దారానికి పెట్టం. దారానికి అంటిస్తే ఇంక నేత సాగదు," అంది సుభద్రమ్మ.

భాస్కరం మెల్లగా చెయ్యి చాపి ఒక తీగ ఊడబీకాడు. తీగ కొసన ఇత్తడి పళ్ల మధ్య గంధం ఎండి గట్టిగా అతుక్కుపోయి ఉంది. రెండోది పీకాడు, అదీ అంతే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమని విన్నాడు గానీ, ఆ పిల్లను వెతకడానికి కమిటీ వేసి, ఎనిమిది పేజీల నివేదిక రాసి, అభినందనలు కూడా అందుకున్నవాడు తనకు ముందు ఎవరూ ఉండరనుకున్నాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

యాకోబు ఏమీ అడగకుండా వెళ్లి, కరోనానాటి శానిటైజరు సీసా, ఒక పళ్ల బ్రష్షూ తెచ్చాడు. బ్రష్షు భాస్కరానిదే, భోజనాలయ్యాక వాడుకునేది. పదహారు కన్నాలూ తోమేసరికి గంట పట్టింది. సుభద్రమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, ఇంకా ఆ మూల ఉంది, ఈ మూల ఉంది అని చెబుతూనే ఉంది. దారం కొస పట్టే కళ్లకు ఏదీ దాగదు.

తీగలన్నీ దోపి, భాస్కరం తన బల్ల దగ్గర కూర్చుని ఆమె ఫైలు తెరిచాడు. గళ్ల కాగితం పైనుంచి కిందికి, ఎక్కడా ఆగకుండా దిగింది. వరసగా తామరతూళ్లు, తూటికి అటొక హంసా ఇటొక హంసా. సుభద్రమ్మ తెర మీద ఒకచోట వేలు పెట్టింది. అక్కడ ఒక తూటికి మొగ్గ ఒకటి ఎక్కువగా ఉంది.

"ఇక్కడ మా నాన్న చెయ్యి జారి సిరా చుక్క పడింది. నేనప్పుడు పక్కనే ఉన్నా. 'నా తప్పేనే' అని నాతో నవ్వి, దాన్ని మొగ్గ చేసేశాడు. అప్పట్నుంచీ మా అంచుకి ఆ మొగ్గే గుర్తు."

ఆయన తన తప్పును మొగ్గ చేశాడు, నేను నా తప్పును సర్క్యులర్ చేశాను అనుకున్నాడు భాస్కరం. యాభై మూడేళ్ల వయసులో, తన బల్ల దగ్గర, తన కుర్చీలో కూర్చుని ఆయనకు నిజంగా సిగ్గేసింది. గ్రాఫును రెండు ప్రతులు ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె రసీదును వెనక్కిచ్చేసి, ఇక మా కాయితం మా పెట్టెలోనే ఉంటుంది బాబూ, ఎలుకలు కొడితే కొట్టనీ అని చెప్పి, బస్సు వేళైందని వెళ్లిపోయింది.

భాస్కరం పఠన రిజిస్టరు తెరిచి, పంతొమ్మిది సున్నాల కింద ఒకటి వేశాడు. పక్క గడిలో, చదివినది నేను, లోపమునకు కారణమూ నేనే అని రాసి సంతకం చేశాడు.

పరాంకుశం గారు క్యాంపు నుంచి రాగానే అది చూశారు. భాస్కరం దాచకుండా అంతా చెప్పాడు. గంధం సంగతి చెప్పాడు, అలసట మాట అబద్ధమని చెప్పాడు, ఎనిమిది పేజీలూ కల్పితమేనన్నాడు. పద్నాలుగేళ్లలో ఆ గదిలో ఆయన తడుముకోకుండా మాట్లాడింది అదే మొదటిసారి. పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"భాస్కరం గారూ, కారణం అలసట అయితే తప్పు ఫైళ్లది. గంధం అయితే కార్యాలయానిది. లోపం తొలగినదని మనం ఒప్పుకున్నచో, ఇన్నాళ్లూ లోపం మనవద్దనే ఉన్నదని ఒప్పుకున్నట్లు కాదా? మీ వినయం మెచ్చదగినదే. కాని వినయాన్ని రిజిస్టరునందు నమోదు చేయరాదు," అన్నారు. ఆ ఒక్క చదువునూ విశ్రాంతి నాణ్యతా తనిఖీ కింద చూపించి, సున్నాలను యథాతథంగా కొనసాగించారు.

నెల తిరిగేసరికి రాజధాని నుంచి ఆదేశాలొచ్చాయి. అధ్యయన బృందాల ఫొటోలను నిపుణులు పరిశీలించారు. లోపరహిత జిల్లాలో ఉండి, మిగతా జిల్లాల్లో లేనిది ఒక్కటే తేలింది. కావున రాష్ట్రంలోని అన్ని కార్యాలయాల్లోనూ పెట్టెల కన్నములకు విధిగా గంధము పూయవలెను. పూత విధానమును ప్రదర్శించుటకు రూపశిల్పి శ్రీ పి. భాస్కరం గారు జిల్లాల పర్యటనకు నియమితులైరి.

ఇప్పుడు భాస్కరం జిల్లాలన్నీ తిరుగుతున్నాడు. పొద్దున పది గంటలకు అధికారులందరి ముందూ గంధం గిన్నె పట్టుకుని, పదహారు కన్నాలకూ పూత వేసి చూపిస్తాడు. చప్పట్లు కొడతారు, ఫొటోలు తీస్తారు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లగానే గది తలుపు దగ్గరగా వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని పదహారు కన్నాలూ మళ్లీ తోముతాడు. తోమడం అయ్యాక, అక్కడి గుమాస్తాను పిలిచి, ఎవరైనా నేతగాళ్లు గ్రాఫుల కోసం తిరుగుతున్నారా అని అడుగుతాడు. ప్రతి ఊళ్లోనూ ఇద్దరు ముగ్గురు బయట అరుగు మీద కూర్చునే ఉంటారు. వాళ్ల ప్రింట్లు వాళ్లకు ఇప్పించి సాయంత్రం బస్సెక్కుతాడు.

మొదటి పర్యటన నివేదికలో, వెంట తీసుకెళ్లిన సామగ్రి అన్న గడిలో ఆయన గంధం గిన్నె ఒకటి, పళ్ల బ్రష్షు ఒకటి అని రాశాడు. దాని మీద పరాంకుశం గారు ఎర్ర సిరాతో ప్రశ్న వేసి తిప్పి పంపారు. "సదరు బ్రష్షు కార్యాలయమునకు చెందినదా, సొంతమా? స్పష్టపరచవలెను."

భాస్కరం కాసేపు ఆలోచించి, "సొంతమే, తప్పులాగే" అని రాశాడు. తర్వాత 'తప్పులాగే' కొట్టేయబోయి, ఎందుకో అలాగే ఉంచేసి పంపించాడు.